ఆ చీటీలు రాసింది నేనే

ఆసుపత్రి మొత్తానికి దుప్పట్లు, తలగడ గలీబులు, రోగుల గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసి పైకి పంపే విభాగం భవనం అడుగున, నేలమాళిగలో ఉండేది. అక్కడ ఇరవై మంది దాకా పనిచేసేవాళ్ళు. వాళ్ళలో నోరున్న మనిషి ఎవరని అడిగితే, ఎవరైనా కళ్ళు మూసుకుని ఆవిరక్కను చూపించేవాళ్ళు.

పదహారేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలర్ దగ్గర నిలబడుతోంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పేరుకు తగ్గట్టే ఎప్పుడూ కుతకుతలాడుతూ ఉండేది. దుప్పటి తడి ఆరకుండా తన దగ్గరికి వచ్చిందంటే డ్రయ్యరు దగ్గరున్నవాళ్ళ ఏడు తరాలూ ఆరిపోయేవి. ఒకసారి పెద్ద డాక్టరుగారు ఎవరో అతిథులకు ఆసుపత్రి చూపిస్తూ కిందికి దిగారు. "అయ్యా, ఈ పైపు కారుతోందని నెల రోజులుగా చెప్తున్నాం. ఇదే మీ కుర్చీ మీద కారి ఉంటే ఈపాటికి బాగయ్యేది కదా?" అని వాళ్ళందరి ముందే అనేసింది. సాయంత్రానికల్లా పైపు బాగైంది. సూపర్‌వైజరు మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని తిరిగే ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు.

అంత నోరూ ఒక్క మాట దగ్గర పడిపోయేది. తను యేసును నమ్ముతానన్న మాట తొమ్మిదేళ్ళుగా ఆవిడ గొంతు దాటి బయటికి రాలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ కడుపులో గడ్డ లేచింది. ఇదే ఆసుపత్రిలో, ఏమో, తన చేత్తో ఇస్త్రీ చేసిన గౌనే కావచ్చు, తొడుక్కుని ఆపరేషన్ గది బయట స్ట్రెచర్ మీద పడుకుంది. భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు. అన్నయ్య మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాడు. పక్కన ఒక్క మనిషి లేడు. కాళ్ళు వణుకుతుంటే దుప్పటి కూడా వణుకుతోంది. అప్పుడు నడవా తుడుస్తున్న ఒక ముసలావిడ తుడుపుకర్ర గోడకానించి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"భయపడకమ్మా. నీకోసం ఒకరు ప్రార్థన చేస్తున్నారు."

"ఎవరు?"

"నేనే," అంది ముసలావిడ. అని మళ్ళీ తుడుపుకర్ర అందుకుంది.

బతికి బయటపడ్డాక ఆవిరక్క ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. ముసలావిడ పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. ఆదివారాలు ఆవిడ ప్రార్థనకు వెళ్ళే చోటు మాత్రం తెలిసింది. టైర్ల కొట్టు మీద అద్దెకు తీసుకున్న ఒక హాలది. అక్కడైనా ఎవరికో ఒకరికి కృతజ్ఞత చెప్పి వద్దామని మెట్లెక్కింది. చెప్పడానికి వెళ్ళిన మనిషి వినడానికి కూర్చుంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

మరి ఇంట్లో ఏం చెప్పాలి? ఉంటున్నది అన్నయ్య ఇంట్లో. భర్త పోయిన రోజున, "నా చెల్లెలికి నేనున్నాను" అని పెట్టె తలమీద పెట్టుకుని తీసుకొచ్చిన అన్న. వాచీలు బాగుచేసే పని ఆయనది. మనిషి బంగారం, కానీ ఒక్క విషయంలో ఇనుము. వాళ్ళ చిన్నాన్న ఒకాయన వీళ్ళ చిన్నతనంలో క్రైస్తవుడయ్యాడని వాళ్ళ నాన్న గోడ మీంచి ఆయన ఫోటో తీయించేశాడు. అన్నయ్య ఆ సంగతి ఎప్పుడు చెప్పినా గర్వంగానే చెప్పేవాడు. ఫోటో ఉన్న చోట గోడ తెల్లగా మిగిలిపోవడం ఆవిరక్కకు బాగా గుర్తు.

అందుకని కుట్టు క్లాసుకు వెళ్తున్నానని చెప్పింది.

తొమ్మిదేళ్ళ కుట్టు క్లాసు. అన్నేళ్ళు నేర్చుకున్న మనిషి విమానానికి రెక్కలు కుట్టగలగాలి. ఆవిరక్కకు గుండీ కుట్టడం రాదు. ఒకసారి వదిన ముచ్చటపడి కిటికీ తెరలు కుట్టమని గుడ్డ ఇస్తే, సంచిలో పెట్టుకుని వెళ్ళి దర్జీ చేత కుట్టించి తెచ్చింది. "చెయ్యి తిరిగిందే నీకు" అని వదిన పదిమందికి చూపించింది. బాప్తిస్మం తీసుకున్న రోజైతే తడి జుట్టుతో ఇంటికొచ్చి, వానలో తడిశానని చెప్పింది. ఆకాశంలో గుప్పెడు మబ్బు లేని రోజు అది.

పనిలో ఇంకో రకం భయం. అందరి మీదా జోకులేసే మనిషి తనే జోకైపోతే ఎలా? అక్కడ ప్రార్థన మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు చేతులు పైకెత్తి కళ్ళు తేలేసేవారు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళతో పాటు ఆవిరక్కా నవ్వేది.

కానీ లోపలున్నది ఊరుకోదు కదా. ఆపరేషన్‌కి వెళ్ళే రోగుల గౌన్లు విడిగా కట్టలు కట్టి పంపేవాళ్ళు. ఆ గౌన్లకి ఎడమ పక్క చిన్న జేబు ఉండేది. స్ట్రెచర్ మీద తన కాళ్ళు వణికిన సంగతి ఆవిరక్కకు గుర్తొచ్చేది. ఒకరోజు వార్డుల పేర్లు రాసే అట్టముక్క చింపి, దాని వెనక, 'భయపడకండి. మీకోసం ఒకరు ప్రార్థన చేస్తున్నారు' అని రాసి ఒక గౌను జేబులో పెట్టింది. పెట్టినందుకు నిజంగానే ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆ ముక్కూమొహం తెలియని రోగికోసం మనసులో ప్రార్థన చేసింది. తర్వాత వారానికి రెండు మూడు పెట్టడం అలవాటైంది. రెండేళ్ళపాటు ఎవరూ ఏమీ అనలేదు. దేవుడి పనీ చేస్తున్నాను, నా పేరూ బయటికి రావడం లేదు అనుకుని సంతోషపడింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

అలా ఉండగా మడత బల్ల దగ్గరికి కొత్తమ్మాయి వచ్చింది.

ఇరవై మూడేళ్ళుంటాయేమో. సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. మొదటి రోజే అన్నం డబ్బా మూత తీసి, తల వంచి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. పది మంది చూస్తున్నారన్న ధ్యాసే లేదు. చివర "ఆమెన్" అని పైకే అని ముద్ద కలిపింది.

ఎవరైనా తన వైపు చూస్తారేమో, మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని ఆవిరక్క కంగారుపడింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే తనే అనేసింది.

"ఆమెన్ పాపా, మా డబ్బాలకి కూడా చెప్పు. కూరలో ఉప్పు తగ్గింది."

గది గొల్లుమంది. మడత బల్లకు పెద్ద దిక్కైన మడత పిన్ని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కొత్తమ్మాయి కూడా చిన్నగా నవ్వి, "ఉప్పు నా దగ్గరుందక్కా, కావాలా?" అని పొట్లం చాచింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు ఆమెన్ పాప అయింది. తాళాలాయన కూడా అలాగే పిలిచేవాడు. ఆ పేరు వినబడినప్పుడల్లా ఆవిరక్కకు రోలర్ మీద చెయ్యి పెట్టినట్టయ్యేది. ఆ పేరు పెట్టింది తనే, కక్కలేక మింగలేక సతమతమయ్యేది.

మూడు నెలలు గడిచాక ఒక మంగళవారం నర్సులందరి మీదా పెద్దయిన మేట్రన్ స్వయంగా కిందికి దిగింది. వెనక తాళాలాయన. మేట్రన్ చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రెండు చీటీలు.

యంత్రాలన్నీ ఆపమన్నారు. అవన్నీ ఒక్కసారి ఆగితే ఆ గది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

"ఇందులో ఒకటి నిన్న ఆపరేషన్ గది నేల మీద దొరికింది," అంది మేట్రన్. గొంతు పెంచలేదు. "శుభ్రం చేసిన చోట బయటి కాగితం పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. రెండోది ఇవాళ పొద్దున ఒక రోగి జేబులో దొరికింది. ఆయన అది చదివి, 'ప్రార్థనల దాకా వచ్చిందంటే డాక్టర్లు చేతులెత్తేశారన్నమాట, నాకు చెప్పకుండా దాస్తున్నారు' అని ఏడ్చి గోల చేశాడు. రక్తపోటు పెరిగిపోయి ఆపరేషన్ ఆపాల్సి వచ్చింది. ఎవరు రాశారు ఇది?"

భయపడకండి అని రాసిన చీటీ చదివి ఒక మనిషి భయంతో ఏడ్చాడా? ఆ మాట ఆవిరక్క చెవుల్లో తిరుగుతుండగానే, చూపులన్నీ ఒక్కొక్కటిగా మడత బల్ల వైపు తిరిగాయి.

తాళాలాయన ముందుకొచ్చాడు. "ఇంకెవరండీ. ఇక్కడ ప్రార్థనలు చేసేది ఒక్కతే. ఆమెన్ పాప."

"నువ్వేనా?" అని అడిగింది మేట్రన్.

"నేను రాయలేదండీ," అంది కొత్తమ్మాయి.

"నువ్వు క్రైస్తవురాలివా?"

"అవునండీ."

"మరి ఇంకెవరు రాస్తారు?"

కొత్తమ్మాయి సంచిలోని చీటీల వైపు చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత తల దించుకుని, "నేను రాయలేదండీ" అని మళ్ళీ అంది, అంతే.

విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. రేపు పదింటికి పెద్ద డాక్టరుగారి గదిలో హాజరు కమ్మన్నారు. వచ్చే నెల ఆ పిల్ల ఉద్యోగం ఖాయం కావాలి. ఇక ఖాయమయ్యేది ఇంటికి పోవడమే అని తాళాలాయన మొహం చెప్తూనే ఉంది. మేట్రన్ వెళ్ళగానే యంత్రాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆవిరక్క దుప్పటి అంచులు పట్టుకుని రోలర్‌లోకి పంపింది. దుప్పటి అవతలికి వెళ్ళింది, ఇంకోటి వచ్చింది. ఆవిడ నోరు మాత్రం తెరుచుకోలేదు. పెద్ద డాక్టరుగారి కుర్చీ మీద జోకేసిన నోరే అది.

సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో కొత్తమ్మాయి తన డబ్బా, చెప్పులు, దువ్వెన సంచిలో సర్దుకుంటోంది. ఆవిరక్క తలుపు దగ్గర నిలబడింది.

"నువ్వు రాయలేదని నాకు తెలుసు," అంది.

"నాకూ తెలుసక్కా," అంది ఆ పిల్ల సర్దుకుంటూనే. "నీ 'భ' కింద ఒత్తు పక్కకి సాగి తోకలా ఉంటుంది. నువ్వు రాసే వార్డు అట్టల మీద రోజూ చూస్తున్నాను కదా."

ఆవిరక్క బెంచీ మీద కూలబడింది. "మరి చెప్పలేదేం?"

"నన్ను అడిగింది నేను రాశానా అని. లేదన్నాను. నీ సంగతి నన్నడగలేదు."

"ఉద్యోగం పోతుంది నీకు."

"పోవచ్చు." ఆ పిల్ల సంచి మూతి బిగించింది. "అక్కా, ఒకటి అడుగుతాను, కోప్పడకు. నువ్వు నమ్ముతావు కదా. మరి మొదటి రోజు నన్ను చూసి ఎందుకు నవ్వావు?"

"భయం," అంది ఆవిరక్క. ఆ మాట తన నోట్లోంచి రావడం తనకే వింతగా అనిపించింది.

"నీకా?" అంది కొత్తమ్మాయి. వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యమే ఆవిరక్కను కోసేసింది.

ఇంటికి నడిచి వెళ్తూ ఆవిరక్క తనను తాను తిట్టుకుంది. ఊళ్ళోవాళ్ళని తిట్టడానికి వాడే తిట్లన్నీ తనకే వాడుకుంది. ఎవరికి భయపడుతున్నట్టు? తాళాలాయనకా? ఆయన తాళాలు ఆయనకే దొరకవు. మడత పిన్ని నవ్వుకా? నవ్వు నాలుగు రోజులు. అన్నయ్యకా? అక్కడ మాత్రం కాలు ఆగింది. గోడ మీద తెల్లటి గుర్తు కళ్ళముందు మెదిలింది. అయినా మళ్ళీ నడిచింది. ఆ పిల్ల నోట్లో నాలుక లేదనుకున్నాను, ఉన్నది ఆ పిల్లకే, నా నోట్లో ఉన్నది వట్టి మాంసం అనుకుంది. సందు మలుపు తిరిగేసరికి భయం తగ్గలేదు గానీ దాని మీద మొండితనం ఎక్కి కూర్చుంది.

మర్నాడు పదింటికి పెద్ద డాక్టరుగారి గదిలో ఆయన, మేట్రన్, తాళాలాయన ఉన్నారు. కొత్తమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది. ఆవిరక్కను ఎవరూ పిలవలేదు. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఆ చీటీలు రాసింది నేనే."

తాళాలాయన నవ్వేశాడు. "చూశారా సార్, జాలి గుండె. ఆ పిల్లని కాపాడ్డానికి వచ్చింది. ప్రార్థనలంటే పడీపడీ నవ్వే మనిషి ఈవిడ. ఆమెన్ పాప అని పేరు పెట్టిందే ఈవిడ."

"పెట్టాను," అంది ఆవిరక్క. "అదీ నేనే, ఇదీ నేనే."

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఇది మీ జోకుల సమయం కాదమ్మా."

జీవితంలో మొదటిసారి నిజం చెప్తుంటే ఎవరూ నమ్మడం లేదు. ఆవిరక్కకు ఒళ్ళు మండింది. టేబుల్ మీదున్న పెన్ను అడక్కుండా తీసుకుని, ఆయన ముందున్న కాగితం మీద ఆ రెండు వాక్యాలూ రాసి తిప్పి పెట్టింది. మేట్రన్ చీటీ పక్కన పెట్టి చూసింది. తోక అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

మేట్రన్ ఆ కాగితాన్ని పెద్ద డాక్టరుగారి వైపు జరిపింది.

"ఎందుకు రాశారు?" అని అడిగింది మేట్రన్.

"నేను యేసును నమ్ముతానండీ. తొమ్మిదేళ్ళ నుంచి. నేనూ ఆ స్ట్రెచర్ మీద పడుకున్నదాన్నే. అప్పుడు ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఆ మాటే చెప్పింది. అది వేరేవాళ్ళకి చెప్పాలనిపించింది. చెప్పే ధైర్యం లేక చాటుగా రాశాను."

మాట బయటికి వచ్చేసింది. పైకప్పు కూలలేదు. గోడ గడియారం అలాగే తిరుగుతోంది.

పెద్ద డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. మంచాయనే. గొంతు మెత్తగా చేసుకుని అన్నారు. "చూడమ్మా, మీరు పదహారేళ్ళుగా ఇక్కడున్న మనిషి. పని మీద వంక పెట్టడానికి లేదు. ఏవో పాత అట్టముక్కలు పొరపాటున గౌన్లలో పడ్డాయని రాసివ్వండి. ఈ నమ్మకం గొడవ కాగితం మీదకి రాకుండా చూద్దాం. మీకూ మంచిది, మాకూ మంచిది. ఈ అమ్మాయినీ వదిలేస్తాం."

తాళాలాయన గబగబా తల ఊపాడు. దారి సులువుగా ఉంది. నిన్నటి దాకా అయితే పరిగెత్తుకుంటూ ఆ దారినే పోయేది.

"పొరపాటున పడలేదండీ. కావాలనే పెట్టాను. తప్పు చేసింది అక్కడే, ఒప్పుకుంటున్నాను. ఆపరేషన్ గదిలో కాగితం పడటం నా వల్లే. ఆ పెద్దమనిషి భయపడ్డాడంటే అదీ నా వల్లే. నేను ఎదురుగా నిలబడి చెప్పుంటే, వద్దమ్మా నీ ప్రార్థన అనైనా అనేవాడు. ఎవరో తెలియకుండా జేబులో పడింది కాబట్టే భయపడ్డాడు. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. ఆయన ఒప్పుకుంటే వెళ్ళి క్షమాపణ కూడా చెప్తాను. కానీ యేసు మాట ఎత్తొద్దు, అదేదో మురికి గుడ్డలా పక్కన పడేద్దాం అంటే మాత్రం వినను. కాగితాలు పెట్టడం తప్పు, నమ్మడం తప్పు కాదు. రెండూ ఒకే మూటలో కట్టకండి."

"ఎందుకమ్మా ఇంత మొండితనం?"

"తొమ్మిదేళ్ళు మెత్తగా ఉన్నానండీ. దానివల్ల ఇదిగో, ఈ పిల్ల వచ్చి గోడ పక్కన నిలబడింది."

మేట్రన్ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో తెలియలేదు. పెద్ద డాక్టరుగారు కాగితం తీసుకుని, "ఉన్నది ఉన్నట్టే రాయండి" అన్నారు. ఆవిరక్క రాసింది. ఎందుకు రాశారన్న చోట రెండు వాక్యాలు ఎక్కువే రాసింది.

కొత్తమ్మాయిని ఆ రోజే పనిలోకి తీసుకున్నారు. ఆవిరక్కకు ఈ ఏడాది పెరగాల్సిన జీతం ఆపేశారు. మూడు నెలలు రోలర్ దగ్గర్నుంచి తీసేసి, గోడకి అవతల మురికి వైపు వేశారు. వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి, రక్తం బట్టలు, చీము బట్టలు వేరుచేసే చోటది. అక్కడివాళ్ళు గోడ దాటి శుభ్రం వైపు రాకూడదు. వెళ్ళేముందు తన దుస్తుల సంచి తీసుకోవడానికి మడత బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఎవరో చేతులు పైకెత్తి కళ్ళు తేలేశారు. ఒకరిద్దరు నవ్వారు.

"ఇంకాస్త పైకెత్తు," అంది ఆవిరక్క. "తొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్నాను, నీకు భుజాలు సరిగ్గా లేవడం లేదు."

ఈసారి గొల్లుమన్నది ఆ ఎత్తినవాళ్ళ మీద. మడత పిన్ని మాత్రం నవ్వలేదు. బల్ల మీద గలీబులు మడతేస్తూనే, "నువ్వు ఎవర్ని నమ్మితే నాకేంటే," అంది. "నా బిడ్డ పోయినప్పుడు నీ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. అప్పుడు కూడా నాకోసం ఆ ప్రార్థనేదో చేసే ఉంటావు. చేసి కూడా నాకు చెప్పలేదు. పక్కన నిలబడి దొంగలా చేశావు."

ఆ మాట తాళాలాయన అన్నవాటన్నిటికంటే లోతుగా దిగింది. "చేశాను పిన్నీ. రోజూ చేశాను" అంది ఆవిరక్క. పిన్ని తల ఎత్తలేదు.

కబురు ఇంటికి ఆవిడకంటే ముందు చేరింది. ఆసుపత్రిలో కరెంటు పనిచేసే మనిషి అన్నయ్యకు బాగుచేయమని వాచీ ఇచ్చి ఉన్నాడు, అది తీసుకోవడానికి వెళ్ళి చెప్పేశాడు. ఆవిరక్క గుమ్మంలో అడుగు పెట్టేసరికి అన్నయ్య కంటికి పెట్టుకునే భూతద్దం కూడా తీయకుండా కూర్చుని ఉన్నాడు. వదిన వంటింటి తలుపు దగ్గర నిలబడింది.

"విన్నది నిజమేనా?"

"నిజమే అన్నయ్యా."

"కుట్టు క్లాసు?"

"లేదు. ఎప్పుడూ లేదు."

వదిన ఉండబట్టలేకపోయింది. "అయితే ఆ తెరలు?"

"దర్జీ కుట్టాడు వదినా."

వదిన కిటికీ వైపు చూసింది, ఆ తెరలు తనని మోసం చేసినట్టు. అన్నయ్య భూతద్దం తీసి, తుడిచి, పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు తిట్టు ఆవిరక్కకు నేర్పక్కర్లేదు.

"సరే," అన్నాడు చివరికి. "అయిందేదో అయింది. నువ్వు నా చెల్లెలివి, నడిరోడ్డు మీద పడేయను. లోపల ఏం నమ్ముకుంటావో నమ్ముకో. ఆదివారం వెళ్తావో, వెళ్ళు. నేను అడగను. కానీ ఎవరైనా అడిగితే కుట్టు క్లాసే. చుట్టాల్లో, వీధిలో, ఎక్కడా ఆ మాట రాకూడదు. నా పరువు కోసం ఇంత చెయ్యలేవా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇనుము కరిగిందంటే ఆయన మట్టుకు ఎంత దూరం దిగివచ్చాడో ఆవిరక్కకు తెలుసు. అందుకే జవాబు చెప్పడం పెద్ద డాక్టరుగారి ముందు కంటే ఇక్కడ పదింతలు కష్టమైంది.

"అన్నయ్యా, నీకోసం నా కిడ్నీ అడుగు, ఇస్తాను. అబద్ధం మాత్రం ఇంక చెప్పలేను. అడగనివాళ్ళకి చెప్పుకుంటూ తిరగను. అడిగితే దాచను. చిన్నాన్న ఫోటో తీసేసినట్టు నా ఫోటో తీసేస్తావో, తియ్యి. నాన్న ఆ రోజు ఫోటో తీశాడు గానీ చిన్నాన్న పండగకో పబ్బానికో గుమ్మం దాకా వచ్చి, నన్ను పిలిచి, చేతిలో పిప్పరమెంటు బిళ్ళలు పెట్టి వెళ్ళడం మానలేదు. ఆ సంగతి నీకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఈ ఇంట్లో చెప్పని మాటలు చాలా అయిపోయాయి."

"అంటే నా మాట కంటే నీకు అదే ఎక్కువ."

"ఈ ఒక్క విషయంలో, అవును."

అన్నయ్య లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన ఆవిడతో మాట్లాడలేదు. ఇంట్లోంచి పొమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు. వడ్డించేటప్పుడు వదిన ఇద్దరి మధ్యా మాటలు మోసేది. ఆవిరక్క నెల రోజులు చూసి, ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది తీసుకుంది. వెళ్ళేరోజు అన్నయ్య కొట్టు నుంచి రాలేదు. పెట్టె ఆవిడే మోసుకుంది. ఆదివారం వదిన ఒక్కతే చూడటానికి వచ్చి, గదంతా కలియజూసి, కిటికీకి తెర లేదని సణిగి వెళ్ళింది.

మురికి వైపు మూడు నెలలూ ఆవిరక్క ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేసింది. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఏడ్చి గోల చేసిన ఆ రోగి దగ్గరికి మేట్రన్ తీసుకెళ్తే క్షమాపణ చెప్పుకుంది. ఆపరేషన్ అయి కోలుకుంటున్న ఆయన మొహం తిప్పుకుని, "ఇంకోసారి రాస్తే కింద పేరు రాయి" అన్నాడు. న్యాయమే అనిపించింది.

రోలర్ దగ్గరికి తిరిగి వచ్చిన వారానికి ఆవిరక్క మేట్రన్ గదికి వెళ్ళింది. ఆపరేషన్‌కి ముందు తోడు లేని రోగుల పక్కన కూర్చోవడానికి బయటివాళ్ళని కొందరిని ఆసుపత్రి అనుమతించేది. తనకూ ఆ అనుమతి కావాలని అడిగింది.

"ప్రార్థన చెయ్యడానికా?" అంది మేట్రన్ అనుమానంగా.

"కూర్చోవడానికి. అడిగితే ప్రార్థన చేస్తాను. అడక్కపోతే నోరు మూసుకుంటాను. కానీ నేనెవరినని అడిగితే మాత్రం చెప్తాను. ముందే చెప్తున్నాను."

మేట్రన్ నాలుగు రోజులు తిప్పి, షరతులన్నీ చదివి వినిపించి, చివరికి సంతకం పెట్టింది. పని అయ్యాక గంటసేపు.

మొదటి రోజు ఆవిరక్క పైకి వెళ్ళేసరికి నడవాలో ఒక ముసలాయన స్ట్రెచర్ మీద ఉన్నాడు. గౌను తాళ్ళు సరిగ్గా కట్టలేదని నర్సుని, చలేస్తోందని కిటికీని, ఆలస్యమవుతోందని గడియారాన్ని వరసపెట్టి తిడుతున్నాడు. ఆవిరక్క కిటికీ మూసి వచ్చి పక్క బల్ల మీద కూర్చుంది.

"ఎవరు నువ్వు?" అన్నాడు ముసలాయన.

"కింద ఇస్త్రీ గదిలో పనిచేస్తానండీ. క్రైస్తవురాలిని. తోడుగా కూర్చుందామని వచ్చాను."

"నీ మతం నేనడిగానా?"

"ఎవరని అడిగారు కదండీ. అది లేకుండా చెప్తే సగమే చెప్పినట్టు."

ముసలాయన కళ్ళు చిట్లించి చూశాడు. "నాకే ప్రార్థనలూ అక్కర్లేదు."

"సరేనండీ."

"లేచి పోవా మరి?"

"మీరు పొమ్మంటే పోతాను."

ఆయన పొమ్మనలేదు. పైకప్పు వైపు చూస్తూ కాసేపు పళ్ళు నూరాడు. తర్వాత, "ఈ గౌను ఇస్త్రీ చేసింది నువ్వేనా? మెడ దగ్గర గుచ్చుకుంటోంది" అన్నాడు.

ఆవిరక్క లేచి, ఆయన తల కొద్దిగా ఎత్తి, మెడ కింద ముడతపడ్డ గుడ్డని సరిచేసింది.

"ఇప్పుడెలా ఉంది?"

"పరవాలేదు," అన్నాడు ముసలాయన. "కూర్చో."